స్టీరింగ్ కుడివైపుకి మార్చిన కారు

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి ఒక కుర్రాడు, స్కూలు ప్రాజెక్టట, ప్లాస్టిక్ ముక్కలతో అతికించిన వంతెన ఒకటి పట్టుకుని ఎక్కాడు. జిగురు ఇంకా ఆరలేదు. గోళ్లరంగులాగా, కిరసనాయిలులాగా, రెండూ కానట్టుగా ఉండే ఆ ఘాటు లిఫ్టంతా నిండిపోయి, వాళ్లమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నాకు సారీ చెబుతుంటే, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటూ నా అంతస్తు దాటి పైకి వెళ్లిపోయాను. అందరికీ తలనొప్పి తెచ్చే ఆ వాసన నాకు మా పాత ఇంటి ముందుగది వాసన. దసరా ముందు రోజుల్లో కిటికీలోంచి పడే ఏటవాలు ఎండలో, బల్ల ముందు తల వంచుకుని కూర్చున్న మా నాన్న గుర్తొస్తాడు.

అప్పట్లో మేం ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవాళ్లం. ఉద్యోగం కోసం విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన నాన్న, మా వీధికి దగ్గర్లోని పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో వైరింగు సెక్షన్లో పనిచేసేవాడు. వెంట్రుకంత సన్నటి తీగల్ని చిన్న చిన్న పలకల మీద సీసం కరిగించి అతకడం నాన్న పని. ఊరికంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులవి. గోడ కనిపిస్తే చాలు, కోర్సుల ప్రకటన. మేడ మీద అద్దెకుండే కుర్రాళ్లు పొద్దున్నే మెళ్లో కార్డులు వేలాడేసుకుని కంపెనీ బస్సు కోసం పరిగెత్తేవాళ్లు. సాయంత్రమైతే కిరాణా కొట్టు దగ్గర కూడా ఎవరబ్బాయికి ఏ కంపెనీలో వచ్చిందన్న మాటే. నాన్నకి ఇవేవీ పట్టేవి కావు. తను వేసిన అతుకు ఊడిందని ఎవరూ అనకూడదు, అంతే నాన్న కోరిక.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ ఉండగా నాన్న చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి కదల్లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మాట తిరిగొచ్చింది, మూతి వంకర సర్దుకుంది, కాస్త ఈడుస్తూ నడక కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

మా ఇంట్లో ఎడమచేతికి విలువ లేదు. నాన్న వాళ్లమ్మ, మా మామ్మ, ఎవరైనా ఎడమచేత్తో ఏదిచ్చినా తీసుకునేది కాదు. పాలగ్లాసు గానీ, మల్లెపూల పొట్లం గానీ, తన చెయ్యి వెనక్కి లాక్కుని, మనం చెయ్యి మార్చేదాకా అలాగే చూస్తూ నిలబడేది. నాన్ననీ అదే కట్టడిలో పెంచింది. దాంతో నాన్న ఎవరికీ ఏదీ ఇవ్వడమే మానేశాడు. చదివిన పేపరు బల్ల మీద పెట్టేసేవాడు, కావలసినవాళ్లు వచ్చి తీసుకోవాలి. ఇంటికొచ్చినవాళ్లు చెయ్యి చాపుతారేమోనని తువ్వాలు కింద చేతులు రెండూ దాచుకునేవాడు. నలుగురి ముందు ఎడమచేత్తో ముద్ద ఎత్తడం ఎలాగని, అమ్మ గది తలుపు దగ్గరగా వేసి, కలిపి తినిపించేది. వంటింటి ముందు మేం వరసగా కూర్చుని తినే చోట నాన్న పీట మాత్రం ఖాళీగా ఉండేది. నాకు అన్నం సహించేది కాదు. మామ్మ దిగులు ఇంకా దూరం వెళ్లేది. నాన్న ఆమెకి ఒక్కడే కొడుకు. పోయినవాళ్లకి నువ్వులూ నీళ్లూ వదలాల్సింది కుడిచేత్తో కదా, "రేపు నాను పోతే నాకు నీళ్లెవులు వదుల్తారే" అని పెరట్లో బట్టలారేస్తూ అమ్మతో అనడం నేను విన్నాను.

మెట్టుగూడలో ఒక ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి నాన్నని ఆటోలో తీసుకెళ్లేవాళ్లం. ఆవిడ ఇంటి దగ్గర చెయ్యమని చెప్పిన పని, ఒక గిన్నెలోని సెనగలు కుడిచేత్తో ఒక్కొక్కటీ తీసి ఇంకో గిన్నెలో వెయ్యడం. వెంట్రుకంత తీగని పట్టుకున్న వేళ్లకి సెనగగింజ దొరికేది కాదు. కొన్నాళ్లు చేసి, గింజలు నేల మీద దొర్లుతుంటే ఏరలేక, నాన్న గిన్నె పక్కకి నెట్టేశాడు. పక్కకి నెట్టింది కూడా ఎడమచేత్తోనే.

అలాంటప్పుడు మా చిన్న మావయ్య కంపెనీ పని మీద సింగపూర్ వెళ్లొస్తూ నాకొక డబ్బా తెచ్చాడు. డబ్బా మీద ఎర్రటి కారు బొమ్మ. ముందు వెడల్పాటి వెండి పళ్లు, వెనక చేప తోకలా లేచిన రెక్కలు, మా తాతల నాటి అమెరికా కారట. మూత తీస్తే కారు లేదు. పచ్చడికి కోసుకోని మావిడిపిందెలు కొమ్మకే ఉన్నట్టు, తలుపులు, చక్రాలు, సీట్లు, స్టీరింగు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ తుంచి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, జిగురు పెట్టి మనమే కట్టుకోవాలి. నాకు ఏడుపొచ్చింది. నాన్న మాత్రం ఒక చట్రాన్ని ఎత్తి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎన్నో రోజుల తర్వాత నాన్న ఒక వస్తువుని అంతసేపు చూడటం అదే. ఆ మర్నాడే ఎవరూ అడక్కుండా సంచీలోంచి తన పట్టకారు, సన్న కత్తి తీయించి బల్ల ముందు కూర్చున్నాడు. కారు నాది, పనివాడు నాన్న. ఆ ఒప్పందానికి నేను ఎక్కువ గొడవ చెయ్యకుండానే లొంగిపోయాను.

నాన్న తనకి తాను పెట్టుకున్న షరతు ఒకటే. ప్రతి ముక్కా కుడిచేత్తోనే పెట్టాలి. ఎడమచెయ్యి కుడిచేతి మణికట్టుని పట్టుకుని బల్ల దాకా తీసుకొస్తుంది, అక్కణ్నుంచి వేళ్లే చూసుకోవాలి. పట్టకారు జారేది, చక్రం మంచం కిందకి పారిపోయేది, జిగురు మోచేతి దాకా కారేది. ముందు అద్దం పెడుతూ బొటనవేలు ముద్ర దాని మీద పడిపోతే, ఎంత తుడిచినా ఆ మసక పోలేదు. అమ్మ వచ్చి కాసేపు లేవమంటే వినేవాడు కాదు. అదే సెక్షన్లో పనిచేసే మల్లేశం అంకుల్ ఆదివారాలు వచ్చి పక్కన కూర్చునేవారు. ఫ్యాక్టరీలో నాన్న కూర్చునే బెంచీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, సెలవు అయిపోయేలోగా చెయ్యి వస్తే చాలనీ కబురు చెప్పేవారు. ఒకరోజు నాన్న విసిగి పట్టకారు విసిరేస్తే, ఆయనే వంగి తీసి బల్ల మీద పెట్టి, "గిట్ల పరేషాన్ అయితే ఎట్లన్నా, జెర ఓపిక పట్టు. ఆ చెయ్యి సుత నీదే గదా, ఈ చెయ్యి సుత నీదే గదా" అన్నారు. నాన్న పట్టకారుని మళ్లీ కుడిచేతికే అందించుకున్నాడు.

అయినా కారు మెల్లగా మా కారైంది. దాని స్టీరింగు ఎడమవైపు ఉందని నేనే కనిపెట్టాను. మన రోడ్ల మీద అది పనికిరాదని నాన్న తేల్చేశాడు. ముందుపలకని నిలువునా కోసి, స్టీరింగు గుంటని కుడివైపుకి తిప్పి అతికించడానికి రోజులు పట్టింది. ఎరుపు వద్దని, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి రంగుల కొట్టు నుంచి చిన్న డబ్బా తెప్పించి వెన్నరంగు వేశాడు. నేను అలిగి పడుకుంటే నన్ను బుజ్జగించడానికి లోపలి సీట్లకి మాత్రం ఎరుపు వేశాడు. అమ్మ పాత చీర అంచు కత్తిరించి వెనక కిటికీలకి తెరలు కట్టాం. రాగితీగ మెలిపెట్టి నెత్తిన సామాన్ల కేరియర్ చేశాడు. దిష్టికి నల్లదారం మామ్మ కట్టింది.

దసరా వచ్చింది. మా వీధిలో తంగేడుపూల వాసన, మా వంటింట్లో బూరెల పిండి వాసన. ఆ రోజు పనిముట్లకి పూజ. ఏటా నాన్న పనిముట్లు ఫ్యాక్టరీలో పూజ అందుకునేవి, ఆ ఏడు మొదటిసారి ఇంట్లోనే పీట మీద, స్కూటర్ తాళంచెవి పక్కన కూర్చున్నాయి. వాటి మధ్య కారు. మామ్మ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టబోతే, తడి ఆరని వెన్నరంగులో ఆ బొట్టు అచ్చులా దిగబడిపోయింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బండికి పూజ చేశాక చక్రం కింద నిమ్మకాయ తొక్కించకపోతే ఎలాగని, బుట్టంతా వెతికి గోలీకన్నా కాస్త పెద్దదైన నిమ్మపిందె ఒకటి తెచ్చింది. ముందు చక్రం కింద పెట్టి, స్కూటర్‌ని తోసినంత భక్తితో తోసింది. నిమ్మకాయ చెక్కుచెదరలేదు. టప్పుమని ఇరుసు విరిగి, చక్రం దొర్లుకుంటూ వచ్చి నాన్న కాలి దగ్గర ఆగింది.

పండగపూట, పూజ మధ్యలో, బండి విరగడం. మామ్మ ముఖం పాలిపోయింది. అది నాన్న చూశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదనుకుంటాను, పూజలో పెట్టిన పట్టకారుని ఆ రోజు తియ్యకూడదన్న సంగతి కూడా మరిచిపోయి, ఎడమచేత్తో అందుకున్నాడు. ఎడమచేత్తోనే ఇరుసుకి జిగురు చుక్క పెట్టాడు, చక్రం గుచ్చాడు, అది పట్టుకునేదాకా వేళ్ల మధ్య అదిమి ఉంచాడు. ఆ వేళ్లు వణకలేదు. నెలల తరబడి నాన్న కుస్తీ పట్టిన ఆ కుడిచేతి పక్కన, ఈ చెయ్యి ఇంత నెమ్మదిగా, ఇంత చక్కగా పని చేస్తుందని మాలో ఎవరికీ తెలీదు, నాన్నకీ తెలీదు. చూస్తూ ఉన్న అమ్మ హారతి వెలిగించడం మానేసి అలాగే నిలబడిపోయింది.

చక్రం నిలిచాక నాన్నకి స్పృహ వచ్చినట్టైంది. కారుని పీట మీద పెట్టేసి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. మామ్మ రెండు చేతులూ చాచింది.

"ఆ చేత్తోటే ఇచ్చీ బాబూ. నాను పుచ్చుకుంటాను."

నాన్న ఇవ్వలేకపోయాడు మొదట. మామ్మ చేతులు దించలేదు. చివరికి ఇచ్చాడు. ఆమె కారుని కళ్లకద్దుకుంది, బుగ్గకి పచ్చి కుంకుమ అంటుకుంది. ఆ మధ్యాహ్నం నాన్న పీట ఖాళీగా లేదు. పులిహోర మెతుకులు ఒళ్లో రాలుతున్నా లెక్కచెయ్యకుండా, ఎడమచేత్తో, మా అందరి మధ్యా కూర్చుని తిన్నాడు. మామ్మ వడ్డిస్తూనే ఉంది. సాయంత్రం మల్లేశం అంకుల్ జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెడితే, నాన్న కూడా ఆయన చేతిలో పెట్టాడు, ఇద్దరూ కావలించుకున్నారు.

కుడిచెయ్యి తర్వాత కూడా రాలేదు. వైరింగు బెంచీ పోయింది, నాన్నని స్టోర్సులో కూర్చోబెట్టారు. అందుకు నాన్న లోలోపల ఎంత ఏడ్చాడో నాకు తెలియదు, మాకు మాత్రం కనిపించనివ్వలేదు. నేను డిగ్రీ చదివేటప్పుడు మామ్మ పోయింది. కర్మ చేయించడానికి వచ్చిన పంతులుగారు, నాన్న చెంబు ఎడమచేత్తో ఎత్తడం చూసి ఆగారు. ఇది పితృకార్యమనీ, ఇంకెవరైనా దగ్గరివాళ్ల చేత వదిలిద్దామనీ మెల్లగా అన్నారు. నాన్న చెంబు దించలేదు.

"మా అమ్మ ఈ చేత్తో ఇచ్చినా పుచ్చుకునీది పంతులుగారూ."

ఆయన మంత్రం అందుకున్నారు. నువ్వులూ నీళ్లూ కలిసి ఆ ఎడమచేతి వేళ్ల మీంచి కిందకి జారాయి.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని చోట మేడలు లేచాయి. కారు ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. తీగల్ని చేత్తో అతికే ఆ సెక్షనే లేదు. నాన్న కూడా వెళ్లిపోయి కొన్నేళ్లైంది. మా ఇంట్లో ఇప్పుడు బల్ల మీద తింటాం, పిల్లలు చెంచాలతో తింటారు, ఎవరు ఏ చేత్తో ఏమిచ్చినా ఎవరూ పట్టించుకోరు. మంచిదే అనుకుంటాను. కానీ ఎడమచేత్తో ఇస్తే వద్దని చెయ్యి వెనక్కి లాక్కునే మనిషి పోయిన ఇంట్లో, పరవాలేదు ఇచ్చెయ్యమని రెండు చేతులూ చాచే మనిషి కూడా లేదు.