ఉబ్బిన ఆరు కండెన్సర్లు

మా కంప్యూటర్ చచ్చిపోయిందని అందరూ ఒప్పుకున్నారు. మా ఆయన ఒప్పుకున్నాడు, గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ షాపతను చూసీ చూడకుండానే ఒప్పుకున్నాడు. మా బావగారైతే ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒప్పుకున్నారు. నేనొక్కదాన్నే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవటానికి నా దగ్గర కారణమేమీ లేదు, కోపం మాత్రం ఉంది.

రెండువేల నాలుగో, అయిదో. ప్రత్తిపాడులో మా ఇంటి వీధి గదిలో డీటీపీ సెంటర్ నడిపేదాన్ని. సెంటర్ అంటే ఏదో ఊహించుకోకండి. ఒక బల్ల, గుంటూరులో ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటర్, ఒక ప్రింటర్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, చర్చివాళ్ళ క్రిస్మస్ పాటల కాగితాలు, విత్తనాల షాపుల కరపత్రాలు, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి. ఏ ఒత్తు ఏ కీ కింద ఉందో చూడకుండా కొట్టేదాన్ని. ఆ గదిలో కూర్చున్నంతసేపూ నన్ను ఫలానావాళ్ళ కోడలు అనేవాళ్ళు కారు, టైపు చేసే ఆవిడ అనేవాళ్ళు. ఆ మాట నాకెంత ఇష్టమో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దాన్ని కూడా లాక్కుంటారని భయం.

గది మాత్రం నాది కాదు. అన్నదమ్ముల పంపకాల్లో వీధి గది మా బావగారికి వెళ్ళింది. "ఖాళీగానే ఉందిగా, వాడుకోమ్మాయ్" అని ఇచ్చారు. ఇచ్చిన మర్నాటి నుంచే ఎప్పుడు వెనక్కి తీసుకుందామా అని చూస్తున్నారని నా అనుమానం. మా ఆయన కంటే పదేళ్ళు పెద్దాయన. ఆయన వస్తే నేను కుర్చీలోంచి లేవాలి. మా అత్తగారింటి పద్ధతి అది, బావగారి ముందు తమ్ముడి భార్య కూర్చోకూడదు. శుభలేఖ సగంలో ఉన్నా సరే, వసారాలో ఆయన చెప్పుల చప్పుడు వినపడితే లేచి నిలబడేదాన్ని. ఒక్కోరోజు పనేమీ లేకుండానే వచ్చి, గోడలు తట్టి, కిటికీ రెక్క ఊపి చూసి వెళ్ళేవారు. ఆయన వెళ్ళేదాకా అలా నిలబడే ఉండేదాన్ని. చేతిలో మౌస్, లోపల మంట.

ఆ ఎండాకాలం కంప్యూటర్ వేషాలు వెయ్యటం మొదలుపెట్టింది. బటన్ నాలుగైదుసార్లు నొక్కితేగానీ లేచేది కాదు. లేచినా పెళ్ళికొడుకు పేరు దగ్గరికొచ్చేసరికి తెర ఆరిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది. ఎండవేడికి అనుకుని తడిగుడ్డ కిటికీకి కట్టాను, ఫ్యాన్ దానివైపు తిప్పి నేను ఉక్కలో కూర్చున్నాను. ఆషాఢం సగానికొచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. లోపల ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు.

మూడోరోజు బావగారొచ్చారు. నేను లేచాను.

"శ్రావణం రాగానే ఇందులో పురుగుమందుల షాపు పెడదామనుకుంటున్నానమ్మాయ్" అన్నారు. "ఆ డబ్బా పనిచేస్తుంటే నీ జోలికి రాను. నీ పొట్ట మీద కొట్టే మనిషిని కాదు నేను. పనిచెయ్యనిదాన్ని పెట్టుకుని గదెందుకు చెప్పు?"

మంచిగానే అన్నారు. ఆ మంచితనానికే నాకు ఒళ్ళు మండింది. శ్రావణమంటే మళ్ళీ ముహూర్తాలు మొదలయ్యే నెల, నా శుభలేఖల నెల. రెండు వారాల్లో కంప్యూటర్ లేవకపోతే గది పోతుంది, గది పోతే టైపు చేసే ఆవిడ పోతుంది. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు, మెతక మనిషి. "అన్నయ్యకి నేనేం చెప్పగలను" అన్నాడు. చెప్పలేడని నాకూ తెలుసు. అందుకే అడగలేదు.

కంప్యూటర్ పెట్టెని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను.

బ్రాడీపేట షాపతను మూత ఊడదీసి, లోపలికి ఒక్క చూపు చూసి, "బోర్డు పోయింది మేడం" అన్నాడు. "దీనికి రిపేరుండదు. ఈ రకం బోర్డులు ఇప్పుడు రావట్లేదు. కొత్తది వెయ్యాలంటే ప్రాసెసరూ మెమరీ అన్నీ మార్చాలి." అంటే కొత్త కంప్యూటర్ కొనమని. అది మావల్ల అయ్యే పని కాదు.

అప్పుడు నేనూ లోపలికి తొంగిచూశాను. ప్రాసెసర్ పక్కన వేలి కణుపంత డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఆరింటికి పైకప్పు ఉబ్బింది. రెండింటి నెత్తి మీద గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. ఆ ఉబ్బు నాకు తెలుసు. మా నాన్నది పర్చూరులో మోటార్ల వైండింగ్ షాపు. పదేళ్ళు వచ్చేదాకా నా ఆటస్థలం అదే. బోరు మోటారు గుయ్యిమంటూ తిరక్కపోతే నాన్న ముందు చూసేది కండెన్సర్నే. ఉబ్బితే తీసి పారేసి కొత్తది వేసేవాడు, మోటారు తిరిగేది.

"ఇవి కండెన్సర్లు కదండీ? ఉబ్బినయ్యి. ఇవి మారిస్తే సరిపోదా?" అన్నాను.

అతను తన పక్కన కూర్చున్నవాడి వైపు చూసి నవ్వాడు. "ఇది పంపుసెట్టు కాదు మేడం" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. దుప్పటి మళ్ళీ చుట్టుకున్నాను. బయటికొచ్చి, రేడియో సామాన్లమ్మే చిన్న కొట్టు వెతుక్కుని, ఆ డబ్బాల మీద ఉన్న అంకెలు చూపించి అలాంటివి పది ఇవ్వమన్నాను. ఆరు చాలు. కానీ ఏ సామానైనా నాలుగు ఎక్కువే తెచ్చుకోవాలని మా నాన్న అలవాటు. ఆ అలవాటు లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఇంటికి వెళ్ళలేదు. గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే బస్సు మా ఊరి మీదుగానే వెళ్తుంది. మా స్టాప్ వచ్చినా దిగకుండా కూర్చున్నాను.

నాన్న షాపంతా ఎప్పట్లాగే రాగితీగ, వార్నిష్ వాసన. విప్పిన మోటారొకటి బల్ల మీద ఉంది, దాని తాలూకు రైతు బీడీ కాల్చుకుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. మిరప నార్లకి నీళ్ళు పెట్టే రోజులు. అయినా నాన్న మోటారు పక్కకి జరిపి, నా పెట్టెకి చోటిచ్చాడు.

"ఏందే ఇది, ఇంత చిన్నవి ఉన్నయ్యి" అన్నాడు కళ్ళజోడు పైకి తోసుకుని.

"చెయ్యగలవా లేదా, ఒక్క మాట చెప్పు."

"నీకు కోపమొచ్చినట్టుంది. ఎవరేమన్నారే?"

చెప్పాను. పంపుసెట్టు మాట కూడా చెప్పాను. నాన్న పెట్టెలోంచి బోర్డు ఊడదీశాడు. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాడు. మోటారు తీగలకి వాడే లావుపాటి ఐరన్ అది, చంటిపిల్లాడి చెయ్యంత ఉంటుంది. అదే మంచిదైంది. ఆ డబ్బాల కాళ్ళలో ఒకటి బోర్డు లోపలి రాగి రేకుకి అతుక్కుని ఉంటుంది, ఎంత వేడి పెట్టినా రేకు తాగేస్తుంది. చిన్న ఐరన్‌తో అయితే సీసం కరిగేదే కాదు. నాన్న బోర్డు వెనక నుంచి కాలుస్తుంటే, నేను ముందు నుంచి డబ్బాని అటూ ఇటూ ఊపి లాగాను. ఆరూ వచ్చాయి. పాతవన్నీ స్టీలు పళ్ళెంలో పడేశాం. రంధ్రాల్లో మిగిలిన సీసం తియ్యటానికి నాన్న గోనెసంచుల దబ్బనం తీశాడు. అది లావైపోయింది. నా చేతిసంచిలో జాకెట్లు కుట్టుకునే సూది ఉంటే అది సరిపోయింది.

కొత్తవి పెట్టేటప్పుడు ఒక అనుమానం వచ్చింది. ప్రతి డబ్బాకీ ఒక పక్కన నిలువునా తెల్లటి పట్టీ ఉంది. "నాన్నా, ఈ పట్టీ ఎటువైపు రావాలి?" అని అడిగాను.

"కండెన్సర్‌కి అటూ ఇటూ ఏందే? ఎటైనా ఒకటే" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. చిన్నప్పుడు ఎన్ని మోటార్లకి తీగలు కలపలేదు నేను. ఏ తీగ ఏ కొసకి కలిపినా మోటారు తిరిగేది. ఆ నమ్మకంతో ఆరింటినీ ఎలా చేతికొస్తే అలా పెట్టాం.

బోర్డు పెట్టెలో బిగించి, ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. నేను నాన్న వైపు చూశాను. అంతలో లోపల టప్పుమని పేలింది. నేను వెనక్కి గెంతేలోపు ఇంకొకటి. తెల్లటి పొగ, కుళ్ళిన చేపల్లాంటి కంపు. నాన్న ప్లగ్గు లాగేశాడు. గుమ్మంలో రైతు లేచి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. గది పోయింది, బ్రాడీపేటవాళ్ళ నవ్వు నిజమైంది, బావగారు గోడలు తట్టుకోవచ్చు.

"వదిలెయ్యమ్మా" అన్నాడు నాన్న. "మనది ఇనుప పని. ఇది మనకు రాని పని."

ఏడుపు ఆగిపోయింది. నాకు తెలిసిన మనుషులందరూ ఎవరికి వాళ్ళే అంటున్న మాట అది. నాన్న నోటి నుంచి మాత్రం వినదల్చుకోలేదు.

"నువ్వు కూడా అనకు నాన్నా. ఆ ఐరన్ ఇటివ్వు" అన్నాను.

బోర్డుని మళ్ళీ ఊడదీసి వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. పేలిన రెండింటికీ పట్టీ ఒకవైపు ఉంది, పేలనివాటిలో మూడింటికి రెండోవైపు. మేం ముట్టుకోని పాత డబ్బాలు ఒక మూల ఇంకా నాలుగున్నాయి. వాటి కింద బోర్డు మీద గుండ్రటి గుర్తుంది, అందులో సగానికి తెల్లరంగు. నాలుగింటికీ పట్టీ ఆ తెల్ల సగం వైపే ఉంది. పేలినవాటికి మాత్రం ఎదురుగా ఉంది. పేలకుండా మిగిలిన ఆరోదానికీ అంతే. బోర్డు మీదే రాసి పెట్టారు. మేమే చూడలేదు.

బ్రాడీపేట అతను చెప్పింది నిజమే, అది పంపుసెట్టు కాదు. మోటారు కండెన్సర్‌కి ఎదురూ తిరుగూ లేదు, దీనికి ఉంది. ఆ ఒక్క ముక్క నవ్వకుండా చెప్పి ఉంటే నేర్చుకుని ఉండేదాన్ని. చెప్పలేదు కాబట్టి పేల్చి నేర్చుకున్నాను.

తిరగేసి పెట్టిన మూడింటినీ నేనే తీశాను. ఐరన్ బరువుకి చెయ్యి జారి బొటనవేలు చురుక్కుమంది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాన్న పట్టుకోబోతే ఇవ్వలేదు. ఎక్కువ తెచ్చిన నాలుగింటిలో మూడు పట్టీ చూసి, తెల్ల సగం చూసి, ఒకటికి రెండుసార్లు సరిచూసి పెట్టాను. ఒకటి మిగిలింది.

బోర్డు బిగించి మళ్ళీ ప్లగ్గు పెట్టాను. నాన్న నన్ను చెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగి, తనే కర్రతో బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. ఒకటి, రెండు, మూడు. పెట్టెలోంచి చిన్నగా బీప్ అని ఒక్కసారి వినిపించింది. తెర లేదు కదా, చూడటానికి ఏమీ లేదు. కానీ రోజూ పొద్దున్నే వినే చప్పుడది, లేచిందని చెప్పే చప్పుడు. నేను అక్కడే బల్ల అంచు పట్టుకుని పెద్దగా నవ్వాను.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఎటు పెట్టినా తిరిగింది" అన్నాడు. "నువ్వడిగావు, నేనే చూడలేదు. తప్పు నాదేనే." మా నాన్న తప్పు నాదే అనటం నేను విన్నది ఆ ఒక్కసారే.

శ్రావణం వచ్చిన మొదటి వారంలోనే బావగారొచ్చారు, వెంట వడ్రంగిని తీసుకుని. పురుగుమందుల డబ్బాలు పెట్టే అరలకి కొలతలు కావాలట. కంప్యూటర్ లేచిందని ఆయనకి తెలియదు. నేనే ఎవరికీ చెప్పలేదు. వసారాలో చెప్పుల చప్పుడు విన్నాను. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండు పాదాలూ నేలకి నొక్కిపెట్టి, టైపు కొడుతూనే ఉన్నాను.

బావగారు గుమ్మంలో ఆగిపోయారు. వడ్రంగికి ఇదంతా ఏం తెలుసు, టేపు తీసి గోడ కొలవటం మొదలుపెట్టాడు. పొడవింత, ఎత్తింత, కిటికీ పక్కన ఇంత అని పైకి చదువుతున్నాడు. నేను శుభలేఖ పక్కన పెట్టి కొత్త పేజీ తెరిచాను. అతను చెప్పిన ప్రతి అంకె టైపు చేశాను. పైన పెద్ద అక్షరాలతో "అరల కొలతలు" అని పెట్టాను, చుట్టూ శుభలేఖల అంచు వేశాను. ప్రింటర్ కరకరమంటూ కాగితం బయటికి తోసింది. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి బావగారికి ఇచ్చాను.

"కొలతలన్నీ ఇందులో ఉన్నాయి బావగారూ. ఇంకో గది చూసుకున్నప్పుడు పనికొస్తాయి."

ఆయన కాగితం చూశారు, తెర చూశారు, నన్ను చూశారు. డబ్బా పనిచేస్తుంటే నీ జోలికి రానన్నది ఆయనే. ఆ మాట ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కూర్చునే మాట్లాడుతున్నావే అమ్మాయ్" అన్నారు చివరికి.

"పనిలో ఉన్నానండి" అన్నాను.

ఆ గదిలో ఇంకో ఆరేళ్ళు పనిచేశాను. ఆయన వస్తూనే ఉండేవారు, నేను కూర్చునే ఉండేదాన్ని.