పన్నెండు పరామర్శలు

ఆ రోజుల్లో డాక్టరు కావాలంటే మార్కులుంటే చాలనుకునేదాన్ని. ఆ నమ్మకం మే నెల రెండో తారీకు, సోమవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పోయింది. తిరువూరులో మా ఇంటికి పోస్టుమాన్ తెచ్చిచ్చిన మిషను వైద్య కళాశాల దరఖాస్తులో 'చదువు కాక మీ ఇతర వ్యాపకాలు' అని ఒక గడి, దాని కింద పాస్టరు గారి సంతకానికి చోటు ఉన్నాయి. నాకా, వ్యాపకాలు లేవు. (లెక్కలు చేయడం వ్యాపకం కాదని నాన్న తేల్చేశారు. ఆయన లెక్కల మాస్టారే.) చర్చిలో పాటల బృందంలో చేరితే రెండో ఆదివారమే, "నువ్వు పుస్తకాలు పంచుదువుగాన్లే తల్లీ" అన్నారు. ఇక మిగిలింది రోగుల పరామర్శ. పాస్టరు గారు నిక్కచ్చి మనిషి. "జూన్ నాలుగులోగా పన్నెండు పరామర్శలు చేసి రా అమ్మాయ్, సంతకం పెడతాను" అన్నారు. ఆ సంతకం లేకపోతే నాకు ఇంటర్వ్యూ లేదు.

నోటుపుస్తకం తీసుకెళ్లడం నా తప్పు. మంచం పక్కన కూర్చుని పేరు, వయసు, జబ్బు, నేను వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకునేదాన్ని. మొదటి ముగ్గురూ ఓపిగ్గా చెప్పారు. నాలుగో ఆయన తొంభై ఒక్కేళ్ల తాతగారు. నేను రాసుకొచ్చిన మర్నాడే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. (రెండు నెలలుగా వెళ్తాను వెళ్తానంటూనే ఉన్నారు, అది ఎవరికీ గుర్తు లేదు.) ఆ తర్వాత నేను పేటలో అడుగుపెట్టగానే ఒకావిడ కేక వినిపించింది: "ఏమయ్యోయ్, మాస్టారు గారమ్మాయి పుస్తకం పట్టుకొచ్చేస్తోంది! లే, లే!" మూడు రోజులుగా జ్వరంతో పడుకున్న ఆవిడ భర్త, నేను గుమ్మం చేరేసరికి పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"నాకేం జబ్బమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అని దగ్గాడు.

"దగ్గుతున్నారుగా?"

"కట్టెల దుమ్మమ్మా. రాయకు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

వారం తిరిగేసరికి పేటలో రోగులే లేరు.

నా ఏడుపు చూడలేక నాయనమ్మ అడిగింది: "ఇంకా ఎన్ని కావాలే?"

"ఎనిమిది."

"ఓస్, ఎనిమిది రోజులు నేను పడుకుంటాలే. రోజుకొకసారి వచ్చి చూసి రాసుకో."

మే ఇరవై ఏడున పడుకుంది. పథ్యం లేని జబ్బు జబ్బే కాదని నేను పట్టుబట్టి, పూటపూటా సగ్గుబియ్యం జావ తాగించాను. అది కొత్త ఆవకాయ కలిపిన వారం. ఏడో రోజు మధ్యాహ్నం, ప్రార్థన చేద్దామని పాస్టరు గారు చెప్పకుండా వచ్చారు. మంచం ఖాళీ. నాయనమ్మ వంటింటి తలుపు చాటున ఎర్రటి ముద్ద కలుపుతోంది.

"ఏమ్మా, మంచాన పడ్డారన్నారే?"

"ప్రార్థన తర్వాత చేద్దురుగానయ్యగారూ. అన్నం మొహం చూసి ఆరు రోజులైంది" అంది నాయనమ్మ, నోట్లో ముద్దతోనే.

నేను తల దించుకుని, తప్పుడు లెక్క పంపలేక, గడిలో 'నాలుగు' అని రాశాను. పాస్టరు గారు చాలాసేపు నవ్వి, దాని పక్కన ఇంకొక వాక్యం చేర్చి సంతకం పెట్టారు: 'ఈ అమ్మాయి వస్తోందంటే రోగులు లేచి నడుస్తారు, ఇందుకు నేను సాక్షిని.'

కళాశాల నుంచి పిలుపు రాలేదు. నేనూ లెక్కల టీచరునే అయ్యాను. జబ్బు కూడా నిజాయతీగా ఉండాలన్న ఆ పదిహేడేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. మొత్తం మీద పోయినవి: ఒక సీటు, ముప్పై మూడు రోజులు, నాయనమ్మకు పన్నెండు పూటల అన్నం.