చెప్పిన రోజుకే టైలర్ దగ్గరికి వెళ్లాను

ఈ రోజు సాయంత్రం బ్లౌజులు తెచ్చుకుందామని బందరులో మా టైలర్ సుగుణక్క కొట్టుకి వెళ్లాను. నన్ను చూడగానే ఆవిడ మిషన్ ఆపేసింది.

“ఏంటమ్మా, ఇంకా చిక్కిపోయావు? మొన్న కొలతలు తీసినప్పుడే రెండంగుళాలు తగ్గావు. ఆ మందులు మానెయ్. మతిమరుపుకి కూడా మందేంటి?”

మతిమరుపు కాదు, ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ. డాక్టరుగారు నాన్ స్టిమ్యులెంట్, అంటే ఉత్తేజకం కాని రకం మందు ఇచ్చి మూడు నెలలైంది. మొదట్లో కడుపులో తిప్పేది, నోరు ఎండిపోయేది. ఆకలి ఇప్పటికీ సరిగ్గా వేయదు. వెళ్లిన ప్రతిసారీ ఆయన బరువు చూస్తున్నారు, నేను టైము చూసుకుని మరీ తింటున్నాను. ఇదంతా సుగుణక్కకి చెప్పి, నా బ్లౌజులు ఇమ్మన్నాను.

ఆవిడ నాలుక కరుచుకుంది.

“ఇంకా గుడ్డ కత్తిరించనే లేదమ్మా. నువ్వెప్పుడైనా చెప్పిన రోజుకి వచ్చావా? నెల పోయాక గుర్తొచ్చి వస్తావులే అని అన్నిటికంటే అడుగున పెట్టేశాను.”

నిజమే. పదేళ్లుగా ఆవిడ దగ్గర కుట్టిస్తున్నాను, ఎవరూ గుర్తు చేయకుండా చెప్పిన రోజుకి వెళ్లడం ఇదే మొదటిసారి. కోపం రాకపోగా ఆ కొట్లోనే గెంతాలనిపించింది.

“రేపు ఆరింటికల్లా ఇచ్చేస్తాను. మళ్లీ ఒళ్లు చేస్తావుగా, కుట్టు లోపల గుడ్డ ఎక్కువే వదులుతాను” అంది.

“వదులక్కా. ఒళ్లొస్తే కుట్టు విప్పుకుంటాను. మందు మాత్రం మానను.”

నేను చిక్కిపోయానని బాధపడేవాళ్లు కింద కామెంట్లలో తీరిగ్గా బాధపడండి. రేపు ఆరింటికి మాత్రం నేను ఆ కొట్లో ఉంటాను.