జారిపోయిన అచ్చు

మొన్న ఉరవకొండలో బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కనున్న పాత ఇనుము అంగడిలో, విరిగిన నాగటి కర్రుల మధ్య, బొటనవేలు పట్టేంత రంధ్రమున్న ఒక ఉక్కు అచ్చు కనబడింది. అది దేనికి పనికొచ్చేదో అంగడివానికి తెలియదు. నాకు తెలుసు. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, ఈ వయసులో, నడివీధిలో కళ్ళు తుడుచుకున్నాను.

మెట్టసేద్యం ఎరిగిన నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, వేరుశనగ కాయ పట్టే వేళకు అడవిపందులు గుంపులుగా దిగేవి, వానలు మొహం చాటేసిన ఏళ్ళలో బతికిన కాస్త పైరునూ పెళ్ళగించి పోయేవి. అందుకే మా నాయనకు లైసెన్సు తుపాకి ఉండేది. మాటిమాటికీ కొత్త తూటాలు కొనే స్తోమత ఎక్కడిది? కాల్చిన ఇత్తడి గుల్లలనే ఏరితెచ్చి, మళ్ళీ తుపాకిమందూ సీసపు గుళ్ళూ కూరి వాడేవాళ్ళు. అయితే కాల్చిన గుల్ల కాస్త ఉబ్బుతుంది. దాన్ని ఉక్కు అచ్చులో దిగగొట్టి పాత కొలతకు తేవాలి, లేకుంటే తుపాకి గొట్టంలో దూరదు.

మా అచ్చు పగిలిపోయిన ఏడు, దొరలు వదిలిపోయిన సామాన్లలో అలాంటివి బళ్ళారి గుజిరీలో దొరుకుతాయని ఎవరో చెప్పగా, నాయనా, ఆయన తమ్ముడు మా చిన్నాయనా బయలుదేరారు. గాజులు తొడిగిస్తానని చిన్నాయన నన్నూ వెంటబెట్టుకున్నాడు. ఆయనకింకా పెళ్ళి కాలేదు, ఆయన గారాబమంతా నామీదే.

పాత సామాన్లమ్మే గుజిరీలో ఒక ముసలి సాయెబు రెండు అచ్చులు తీసి ముందు పెట్టాడు. నాయన ఇంటినుంచి తెచ్చిన కాల్చిన గుల్లను రెంటిలోనూ పెట్టి చూశాడు. ఒకదాంట్లో సగానికే పట్టుకుంది, రెండోదాంట్లో నూనె రాసినట్టు జారింది. పనిముట్టన్నది చేతికి సులువుగా ఆడాలని నమ్మే సేద్యగాడాయన, జారినదే మంచిదన్నాడు. పైగా బిగుసుకున్నది పనికిరానిదని, దాన్ని సాయెబు అంటగడుతున్నాడని అనుమానం. చిన్నాయన మాత్రం, అప్పుడే తొడిగించిన నా గాజులు చూపిస్తూ, "బిగువుగా ఉండేదే నిలుస్తాదన్నా, అదే తీసుకుందాం" అన్నాడు.

"నీకేం తెలుసురా, ఊరికుండు" అన్నాడు నాయన.

మా ఇంట్లో అన్న మాటకు తమ్ముడు ఎదురు చెప్పే అలవాటు లేదు, జారినదే కొన్నాం. ఉబ్బిన గుల్లే అడ్డం లేకుండా జారిందంటే ఆ అచ్చు అరిగి వదులైపోయిందని, అది దేన్నీ అణచలేదని, మాలో ఎవరికీ తోచలేదు. ఇంటికొచ్చి కట్టిన తూటాల్లో మొదట తుపాకిలో పెట్టి చూసినవి ఎలాగో దూరాయి. అన్నీ చూడాలని ఎవరూ అనుకోలేదు.

ఆ పంటకాలంలోనే ఒకనాడు తెల్లవారుతుండగా, చిన్నాయన పేల్చిన తూటాకు గాయపడిన పంది ఎదురు తిరిగింది. రెండో తూటా గొట్టంలో సగానికే ఇరుక్కుంది. తుపాకి మూసుకోలేదు. పంది కోర ఆయన తొడను చీల్చేసింది.

బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోతుంటే చిన్నాయన తల నాయన ఒడిలో ఉంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. "తూటాలో తప్పేం లేదన్నా, నా చెయ్యే వణికినాది" అని దారంతా అదే మాట. ఆసుపత్రి ఉన్న ఊరు కనబడకముందే ఆ మాట ఆగిపోయింది.

కర్మలయ్యాక నాయన తుపాకి తీసి చూశాడు. ఉబ్బిన తూటా ఇంకా అలాగే ఇరుక్కుని ఉంది. తుపాకిని పోలీసు ఠాణాలో అప్పగించి వచ్చాడు. ఆ తర్వాత పందులు చేనుమీద పడినా డబ్బా వాయించడమే తప్ప ఇంకేమీ చేయలేదు. అవ్వగానీ అమ్మగానీ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడూ పందులు వస్తూనే ఉన్నాయి. చేల చుట్టూ పాత చీరలు కడుతున్నారు, తీగలు లాగుతున్నారు, తూటాలు కట్టుకునే ఇళ్ళు మాత్రం ఎక్కడా లేవు. అచ్చును ఎలా చూసి కొనాలో చెప్పేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. పోతూ పోతూ కూడా అన్న మనసు నొవ్వకూడదని అబద్ధమాడిన మనిషిని తలుచుకునేందుకు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ అచ్చును చేతిలోకి తీసుకుని, తిరిగి అక్కడే పెట్టేశాను. బళ్ళారి గాజులు ఎప్పుడో పగిలిపోయాయి. ఎండిపోయిన ఈ ముంజేతికి ఇప్పుడు ఏ గాజు తొడిగినా వదులే.