ముల్లు తీసుకునే పాప, మీటింగులో వాళ్లమ్మ

రాస్తున్నావా తల్లీ? మన ఎదురింటి అమ్మాయి బడి మీటింగులో మాట్లాడిన సంగతి ఇది. పక్కనే కూర్చుని విన్నాను కాబట్టి నేనే చెప్పాలి.

ఆమెది సబ్బవరం దగ్గర పల్లె. భర్తది పోర్టులో షిఫ్టు డ్యూటీ. కూతురికి ఏడేళ్లు, మాటలు రాలేదు. అలాంటి పిల్లలకి ఏడాదంతా ఏం నేర్పాలో బడివాళ్లు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అడిగి రాస్తారు. ఈమె కూర్చుంటేగా! టీచరు ముందు కూర్చోవడం మర్యాద కాదని గోడ పక్కన నిలబడి, అన్నిటికీ "అలాగే మేడం" అని వచ్చేసేది.

ఈసారి మీటింగుకి ముందే కబురొచ్చింది. పాప తనంతట తను అన్నం తినడం లేదు, స్పూను ఇస్తే విసిరేస్తోంది, మధ్యాహ్నానికే ఇంటికి పంపేద్దామని. ఈమె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది.

"ఇంట్లో సేత్తో బాగానే తింటాది కదే?" అన్నాను.

"తింటాది పిన్నీ. సేత్తో అని మేడంకి ఎలా సెప్పను? సిగ్గు కాదేటి?"

మన వరండాలోనే రిహార్సల్ పెట్టాను. కుర్చీలో నేనే మేడాన్ని. "మీ పాపని మధ్యాహ్నం తీసుకెళ్లిపోండమ్మా" అన్నాను గంభీరంగా.

"అలాగే మేడం" అనేసింది!

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నాకే అలాగే అంటే అక్కడేటి సెప్తావే?"

ఇద్దరం పడీ పడీ నవ్వి, మళ్లీ మొదలుపెట్టాం.

మీటింగుకి తోడు వెళ్లాను. చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. టీచరమ్మ మంచిదే, అన్నీ నెమ్మదిగా చదివింది. మధ్యాహ్నం మాట రాగానే ఈమె కుర్చీలోంచి లేవబోయింది. ఇక నేనే అందుకుందామని గొంతు సవరించుకున్నాను. నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేసింది.

"మీరుండండి పిన్నీ, నాను సెప్తాను. మేడం, మా పాపకి స్పూను అలవాటు నేదు. సేత్తో తింటాది. కానాగంత సేపల పులుసెడితే ముల్లు కూడా తనే తీసుకుంటాది. అందరి పిల్లల్తో సాయంత్రం దాకా ఉండాల. మధ్యాన్నం పంపేస్తామంటే నాను ఒప్పుకోను."

టీచరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "ముల్లు తనే తీసుకుంటుందా? ఈ సంగతి మాకు తెలీదమ్మా! రేపు అదే కూర బాక్సులో పెట్టండి, చేత్తోనే తిననిద్దాం. తింటే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది."

"ఇంకోటి మేడం" అంది మన పిల్ల. బాత్రూంకి వెళ్లాలంటే ఆ బొమ్మ గీసిన అట్టముక్క చూపించి అడగడం పాపకి నేర్పమంది. అది నేను నేర్పిన మాట కాదు! నాకు తట్టనే లేదు. కుర్చీలో ఎంత నిటారుగా కూర్చున్నానో, చూసినవాళ్లు నన్నే మేడం అనుకునేవాళ్లు.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి ఫోను. ఈమె పరుగున వచ్చి మన గుమ్మంలోనే స్పీకరు పెట్టింది.

"తినేసిందమ్మా, సాయంత్రం రండి. పక్క పాపకి ఓ ముక్క ఇచ్చి, దాని ముల్లు కూడా తనే తీసిపెట్టింది!"