అల్లుడు సైకిలెక్కినాడంట

నలభై ఏడేండ్లొచ్చినాక సైకిలెక్కినోణ్ణి ఎవురూ మెచ్చుకోరు. జాలి పడతారు. ఈ సంగతి నంద్యాలలో నాకు నాలుగు దినాల్లోనే తెలిసొచ్చింది.

షుగరు గడప మీదికొచ్చి నిలబడిందనీ, మూడు నెలల్లో ఆరు కేజీలు తగ్గకుంటే మాత్రలు రాస్తాననీ డాక్టరు చెప్పినాడు. మాత్రలదేముంది, మింగుతాం. మా నాయనకు షుగరుతోనే మోకాలి కింద కాలు తీసేసినారు. ఆ మాట వింటే ఇప్పటికీ నా చెయ్యి నా కాలి మీదికే పోతాది. నాకు భయం, దాచుకునేదేం లేదు. ఆ సాయంత్రమే సైకిలు కొన్నా. మోటారుబండి మీద మనసు పోకుండా దాని తాళం చెవి నా భార్య చేతికిచ్చినా. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి" అని ఆమె దాన్ని బియ్యం డబ్బాలో వేసింది.

నేను పాఠాలు చెప్పే బడికి ఐదు కిలోమీటర్లు. బియ్యం లారీ వెనక తౌడు మింగుతా, ఆటోల మధ్యలో నక్కుతా పోయేవాణ్ణి. దానికి నేను ఓర్చుకున్నా. తెలిసినోళ్ల జాలికే ఓర్చుకోలేకపోయినా. సారు బండి కనపడలేదంటే అమ్ముకున్నట్టే లెక్క మా ఊళ్లో. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న ఆటో అతను నన్ను ఆపి, వద్దంటున్నా సైకిలెత్తి ఆటో మీద కట్టినాడు.

"ఏంది సార్, మాకొక మాట చెప్పకూడదా? మేమంతా యాడికి పోయినాం?"

ఎవురు చూసినా టీ అంగడికి లాక్కపోయేవాళ్లు. దుఃఖంలో ఉన్నోనికి చక్కెర ఎక్కువెయ్యాలని టీ అంగడాయనకు ఎవురు చెప్పినారో, గరిటె తగ్గించడు. పక్కన రెండు బజ్జీలు. వ్యాయామం కోసమప్పా అంటే, "అట్లనే అనుకో సార్, ధైర్యం పోగొట్టుకోవద్దు" అంటారు. నెల తిరిగేసరికి కేజీ పెరిగినా.

ఈ కథ నాకంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. మా అత్తమ్మ ఆడనే ఉంటాది. ఆమె అల్లుణ్ణి అడిగే మనిషి కాదు, కూతుర్ని అడిగే మనిషీ కాదు. నేరుగా దేవునికే చెప్తాది. మా క్రైస్తవ సంఘాల్లో కష్టమొచ్చినోళ్ల పేర్లు చీటీ మీద రాసిస్తే పాస్టరయ్య ఆదివారం అందరి ముందర చదివి ప్రార్థన చేస్తాడు. ఆమె ఐదు వారాలుగా నా చీటీ ఇస్తాందంట. నాకేం తెలుసు?

అంతలో ఆళ్లగడ్డ చర్చి గుడిలో కోత పండుగొచ్చింది, కానుకలుగా వచ్చిన పంటనూ కోళ్లనూ వేలమేసే పండుగ. నా భార్య బస్సుకు పోయింది. నేను సైకిలు మీదే వస్తానని పంతం పట్టినా. నలభై కిలోమీటర్లు. శిరివెళ్ల దాటినాక ప్యాంటు చైన్లో పడి మోకాలి దాకా చినిగింది. ఆ తర్వాత ఒక ట్రాక్టరు గుంతలో నీళ్లన్నీ నా మీద చల్లిపోయింది.

గుడి తలుపు కాడికి చేరేసరికి అందరూ కండ్లు మూసుకొని ఉండారు. పాస్టరయ్య గొంతు వినపడతాంది. "ప్రభువా, బండి పోగొట్టుకొని వీధిలో పడిన మా అల్లునికి ఒక వాహనం దయచెయ్యి." ఆమేన్ అని కండ్లు తెరిస్తే ఎదురుగా నేను, బురదతో, చినిగిన ప్యాంటుతో. ఒకామె గట్టిగానే ఏడ్చింది. సంఘపెద్ద, అప్పుడే వేలంలో పాడుకున్న కోడిపుంజును తెచ్చి నా చంకలో పెట్టి, "ఉంచుకోప్పా, ఇంటికి పనికొస్తాది" అన్నాడు.

నాకు తిక్కరేగింది.

"నాకు ఏ కష్టమూ రాలేదు. బండి ఇంట్లోనే ఉంది. నాకు షుగరొస్తాంది, అందుకే తొక్కుతాండా" అన్నా. చంకలో పుంజు ఊరికే ఉండదు. దాన్ని అదిమి పట్టుకొనే మా నాయన సంగతంతా చెప్పినా. కంపముల్లు గుచ్చుకుంటే ఏం కాదులే అని ఎవురికీ చెప్పకుండా నెల్లాళ్లు గుడ్డ చుట్టుకొని తిరిగినాడనీ, ఆ కాలును ఆసుపత్రి నుంచి నేనే మూట కట్టుకొని తెచ్చి పూడ్చినాననీ చెప్పినా. 

భోజనాలకు లేస్తాంటే అత్తమ్మ నా చొక్కా పట్టి గుడి వెనక్కి తీసుకపోయింది. సిగ్గు పడతా చెప్పు విడిచి, పాదానికి చుట్టుకున్న చీర పేలిక విప్పింది. లోపల రూపాయి బిళ్లంత పుండు. వేళ్ల దాకా నలుపెక్కింది.

"ఎన్ని దినాలాయ అత్తమ్మా?"

"రెండు నెలలప్పా. షుగరుందని ఎప్పుడో చెప్పినారు. మీకెందుకు బరువని..."

"మరి నా చీటీ రాసిస్తివే. నీది రాయకపోతివా?"

"నీకు బండి అడిగితే చాల్లే అనుకుంటి. రెండు రెండు అడిగితే బాగుండదని."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. పుంజును నా భార్య చేతిలో పెట్టి, ఆటో మాట్లాడి, బురద గుడ్డలతోనే ఆమెను నంద్యాల ఆసుపత్రికి తీసుకపోయినా.

మూడు నెలలకు నేను తగ్గింది మూడు కేజీలే. మాత్రలు రాసినాడు, మింగుతాండా. అత్తమ్మకు రెండు వేళ్లు తీసేసినారు, కాలు నిలిచింది. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయినాడు. నాకు తెలుసు సార్, వద్దన్నా.