తప్పునాదే బాబాయి

ఆ కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో మరమ్మతులు చూసే మేస్త్రీ బాబాయికి ఒకటే జబ్బు. ఎవరి తప్పునైనా తన నెత్తినే వేసుకునేవాడు. భగవంతుడు ఆ నెత్తిని కాస్త వెడల్పుగా చేశాడేమో! యంత్రం మూలిగినా, కాఫీ చల్లారినా "తప్పు నాదే!" అనేవాడు. వాన పడితే కూడా, "గొడుగు ఇంట్లో వదిలి వచ్చాను, అందుకే పడింది. తప్పు నాదే!"

"ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క పోట్లాట దక్కలేదమ్మా! నేను నోరు తెరిచేలోపే ఒప్పేసుకుంటారు" అని ఆయన ఇల్లాలు వాపోయేది.

కొత్తమ్మాయికి ఇదంతా వింతగా ఉండేది. ఆమె పనిలో చేరి నెల కావస్తోంది. ఇంకో మూడు రోజులు గడిస్తే ఉద్యోగం ఖాయం. ఇక్కడ చిప్పులు తయారయ్యే సిలికాన్ పలకల పెట్టెల్ని మనుషులు ముట్టుకోరు. కప్పుకింద పట్టాల మీద తిరిగే బుల్లి బండ్లే మోస్తాయి. ఏ పెట్టె ఎక్కడుందో కంప్యూటరు చూసుకుంటుంది. పాత ఫ్యాక్టరీలో ఆమె అన్నీ చేత్తోనే మోసింది. ఆ రోజు ఇక్కడ బండి ఆలస్యమైతే, పాపం సాయం చేద్దామని పెట్టెను తీసి పక్క యంత్రం దగ్గర పెట్టేసింది.

అంతే! వచ్చిన బండి పెట్టె కనబడక ఆగింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి. పెళ్ళికూతురు కనబడని పెళ్ళివారిలా నలభై బండ్లు బారులు తీరాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. "పెట్టె ముట్టుకున్నదెవరు?"

కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే నిచ్చెన మీదనుంచి కేక వినబడింది.

"తప్పు నాదే!"

"మీరు గంటనుంచి నిచ్చెన దిగలేదు బాబాయ్!"

"నా చేతులు పొడుగండీ!"

కొత్తమ్మాయి ఇక ఆగలేకపోయింది. "నేనేనండీ. అదిగో, ఆ యంత్రం దగ్గర పెట్టాను."

మేనేజరు కంప్యూటరుకు పెట్టె చోటు చెప్పాడు. బండ్లు కదిలాయి. ఆమె మాత్రం కదల్లేదు.

"నేను కొత్తలో పెట్టెడు పలకలు పగలగొట్టానమ్మా" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "ఆ రోజు బాబాయి సెలవులో ఉన్నాడు. అయినా ఫోన్ చేసి మరీ 'తప్పు నాదే' అన్నాడు! పై అధికారి నవ్వాపుకోలేక నన్ను వదిలేశాడు."

"మరి నా ఉద్యోగం?"

"ఎక్కడికీ పోదు. ఎందుకు ముట్టుకోకూడదో నీకు మొదటిరోజే చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పు నాదే."

బాబాయి గబగబా నిచ్చెన దిగి వచ్చాడు.

"అదేమిటండీ! మీరూ మొదలుపెడితే ఇక్కడ నాకేం పని మిగులుతుంది?"